ముల్లు చెబుతుంది.. మోటారు గుట్టు!

*స్టార్టర్ పెట్టెపైనే జవాబు
*బోరులోని కేబులూ కరెంటు మింగుతుంది

బట్లహళ్ళి (చింతామణి):
మోటారు కాలిందంటే చాలు, ‘వోల్టేజి లేదప్పా’ అనే ఒక్క మాటతో కథ ముగిసిపోతుంది. పైపులన్నీ విప్పి పైకి తీయాలి. వైండింగ్ షాపుకు మోసుకెళ్లాలి. మళ్లీ దించాలి. ఈలోగా టమోటా తోట వాడిపోతుంది. వోల్టేజిదే తప్పా? చాలాసార్లు అవును. కొన్నిసార్లు మాత్రం దొంగ ఇంట్లోనే.. అంటే బోరులోనే ఉంటాడు. పట్టుకోవడానికి స్టార్టర్ పెట్టెపై ఉన్న రెండు ముళ్లు, ఏడో తరగతి గుణకారాలు చాలు.

బట్లహళ్ళి చుట్టుపక్కల వెయ్యి అడుగులు దాటిన బోర్లు వింత కాదు. చిక్కబళ్లాపుర జిల్లాలో ఊరే నీటికన్నా తోడే నీరే ఎక్కువని కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలు చెబుతున్నాయి. లోతు పెరిగేకొద్దీ మోటారు పెద్దదవుతోంది, కేబులు పొడవవుతోంది. కర్ణాటకలో 10 హార్స్‌పవర్ వరకు వ్యవసాయ పంపుసెట్లకు 2008 నుంచి కరెంటు ఉచితం. బిల్లు రాదు కనుక వాట్ల లెక్క ఎవరికీ పట్టలేదు. కాలిన మోటారు బిల్లు మాత్రం రైతుదే!

ఇస్త్రీపెట్టె వేరు.. మోటారు వేరు

లెక్క ఇంట్లోనే మొదలుపెడదాం. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఉంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు.. సుమారు 4.35. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం.. సుమారు 53 ఓమ్‌లు. జర్మనీకి చెందిన ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ఇదే. వోల్టేజి 180కి పడిపోతే? 53తో భాగిస్తే 3.4 ఆంపియర్లు. పవర్ 610 వాట్లే. పెట్టె సరిగా కాగదు, అంతే. కాలిపోదు.

మోటారు అలా కాదు. పైకి లాగాల్సిన నీటి బరువు అదే. వోల్టేజి తగ్గితే ఆ పని కోసం ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. 15 లాగాల్సింది 20 లాగితే కరెంటు పెరిగింది మూడో వంతే, వేడి మాత్రం దాదాపు 1.8 రెట్లు. లో వోల్టేజికి మోటార్లు కాలడంలోని మర్మం ఇదే.

దారిలో పోయేదెంత?

త్రీఫేజ్‌లో పవర్ కావాలంటే వోల్టులు, ఆంపియర్లు, 1.73, పవర్ ఫ్యాక్టర్.. నాలుగూ గుణించాలి. ఉదాహరణకు 10 హార్స్‌పవర్ మోటారు, 1200 అడుగుల లోతు. ముళ్లు 400 వోల్టులు, 20 ఆంపియర్లు చూపిస్తున్నాయి. పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుందాం. మొత్తం సుమారు 11 కిలోవాట్లు. ఇదంతా మోటారుకు చేరుతుందా?

కేబులు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది అనుకుంటే కిలోమీటరుకు సుమారు 5 ఓమ్‌లు. 1200 అడుగులంటే 366 మీటర్లు. ఒక్కో తీగకు 1.83 ఓమ్‌లు. ఆంపియర్ల వర్గాన్ని ఓమ్‌లతో గుణిస్తే ఒక్కో తీగలో 730 వాట్లు, మూడింటిలో కలిపి 2.2 కిలోవాట్లు. తీసుకున్న కరెంటులో అయిదో వంతు తీగను కాచడానికే సరి! వోల్టేజి కూడా దారిలో 50 దాకా పడిపోతుంది. పైన ముల్లు 400 చూపుతుంటే కింద మోటారుకు అందేది 350. పైన 350 ఉన్న రోజు సంగతి చెప్పనక్కర్లేదు.

అదే 10 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే పడిపోయేది 20 వోల్టులే. నష్టం 900 వాట్ల లోపే. కేబులు ఖరీదు ఎక్కువే, కాదనలేం. కానీ రెండుసార్లు మోటారు దించి ఎక్కించిన ఖర్చు పక్కన పెట్టి చూడాలి.

ఈ చిక్కు ఈ సీమకు కొత్తది కాదు. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 147 కిలోమీటర్ల దూరం కరెంటు తెచ్చినప్పుడూ ఇదే సమస్య. వోల్టేజిని వేలల్లోకి పెంచి, ఆంపియర్లు తగ్గించి తెచ్చారు. బోరు రైతుకు వోల్టేజి పెంచుకునే వీలు లేదు. తీగ లావు చేసుకోవడమే దారి.

ముల్లు దిగినా ముప్పే

ఆంపియర్లు పెరగడమే కాదు, తగ్గినా అనుమానించాలి. వోల్టేజి బాగున్నా ఆంపియర్ల ముల్లు కిందికి జారి ఊగుతుంటే బోరులో నీళ్లు అయిపోతున్నట్టు. నీళ్లే మోటారుకు చలువ. వెంటనే ఆపాలి. వోల్టేజి బాగుండి ఆంపియర్లు ఎక్కువైతే ఇసుక పట్టిందో, బేరింగ్ పోయిందో చూడాలి. మోటారు ఆపినప్పుడు 410 ఉండి, ఆన్ చేయగానే 350కి పడితే టీసీ నుంచి పొలం దాకా వచ్చే లైను సన్నమై ఉండొచ్చు. జాయింట్లు వదులై ఉండొచ్చు. టీసీ మీద బరువు ఎక్కువై ఉండొచ్చు. ఇది లైన్‌మ్యాన్‌కు చూపించాల్సిన సంగతి. ‘వోల్టేజి లేదు’ అనేకన్నా ఈ రెండు అంకెలు చెబితే పని త్వరగా తెములుతుంది.

మోటారు పైకి తీసే ముందు మరో పరీక్ష ఉంది. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, కేబులు కొసలు విడదీసి ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటరు పెట్టించాలి. మూడు తీగల్లో రెండేసి చొప్పున చూస్తే మూడుసార్లూ ఓమ్‌లు దాదాపు సమానంగా రావాలి. ఒక జత తేడాగా ఉంటే వైండింగో, జాయింటో చెడినట్టు. అసలే పలక్కపోతే ఎక్కడో తెగినట్టు. ఎర్త్‌కు కరెంటు దిగుతోందా అన్నది మాత్రం మల్టీమీటరుతో తేలదు, మెగ్గర్ కావాలి. తడి కాళ్లతో పెట్టె తెరిచే సాహసం వద్దు.

కొత్త మోటారు దించిన రోజే ఆపినప్పటి వోల్టులు, నడుస్తున్నప్పటి వోల్టులు, ఆంపియర్లు, కేబులు సైజు, లోతు రాసి పెట్టుకోవాలి. పుస్తకం అక్కర్లేదు. స్టార్టర్ పెట్టె తలుపు లోపలి వైపు చాలు.