పెట్టెకు కొత్త మదర్‌బోర్డు

ఒకప్పుడు తెలుగునాట మన పెద్దలు రేడియో చుట్టూ చేరి పాటలు వినేవారు. నేడు ఆస్ట్రేలియాలోని మన ఇళ్లలో ఆ పనిని ఒక చిన్న పెట్టె చేస్తున్నది. దానిని టెలివిజనుకు తగిలిస్తారు. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే పాటలను, సినిమాలను, వార్తలను అది అందుకొని తెరమీద చూపుతుంది. దీనినే స్ట్రీమింగ్ పెట్టె అంటారు.

ఒకనాడు ఆ పెట్టె పనిచేయడం మానివేస్తుంది. దాని దీపం వెలగదు. అమ్మమ్మ రోజూ చూసే తెలుగు వార్తలు ఆగిపోతాయి. "పాడైపోయింది, పారవేద్దాం" అంటారు ఇంట్లోవారు. నిజంగా పారవేయవలసినదేనా? ముందుగా దాని లోపల ఏమున్నదో తెలుసుకుందాం.

లోపల ఏమున్నది?

మూత తీస్తే ఒక పలుచని పలక కనిపిస్తుంది. అదే మదర్‌బోర్డు, అంటే తల్లిపలక. ఊళ్లను కలిపే బాటలవలె దానిమీద సన్నని రాగి గీతలు ఉంటాయి. ఆ గీతలు చిప్పులను ఒకదానితో ఒకటి కలుపుతాయి. కుదించి పంపిన బొమ్మలను ఒక చిప్పు విప్పి తెరకు పంపుతుంది. మరొకటి చేస్తున్న పనిని తాత్కాలికంగా గుర్తుంచుకుంటుంది. కరెంటు పోతే మరచిపోతుంది. ఇంకొకటి కరెంటు పోయినా మరువదు. మన ఇంటి వైఫై పేరు, రహస్యపదం దానిలోనే ఉంటాయి. ఈ చిప్పులను టంకంతో అతికించి ఉంచుతారు. అందువల్ల ఒక్క చిప్పు చెడినా సాధారణంగా బోర్డు మొత్తాన్ని మార్చవలసి వస్తుంది.

ముందు పరీక్ష

బోర్డును నిందించే ముందు అడాప్టరును చూడాలి. గోడలోని 230 వోల్టుల కరెంటును తగ్గించి, సాధారణంగా 5 లేదా 12 వోల్టులుగా పెట్టెకు అందించేది అదే. అంతే వోల్టులు ఇచ్చే, సరిపడిన మరొక అడాప్టరును పెట్టి చూడాలి. తీగను, రిమోటు బ్యాటరీలను కూడా మార్చి చూడాలి. ఇవన్నీ బాగున్నా పెట్టె వెలగకపోతేనే బోర్డును అనుమానించాలి.

అడాప్టరును మాత్రం ఎన్నడూ విప్పరాదు. కొన్ని పెట్టెలకు గోడ కరెంటు నేరుగా వెళుతుంది. వాటిని లైసెన్సు గల పనివారికే అప్పగించాలి. తక్కినవాటినైనా పెద్దలు దగ్గర ఉన్నప్పుడే తెరవాలి.

మార్చే విధానం

అదే నమూనా బోర్డును సంపాదించాలి. బోర్డుమీద అచ్చువేసిన సంఖ్య కూడా కలవాలి. మొదట తీగలన్నీ ఊడదీయాలి. ఒక కాగితంమీద పెట్టె బొమ్మ గీసి, తీసిన ప్రతి మరను దాని చోటులోనే ఉంచాలి. మరల పొడవులలో తేడా ఉండవచ్చు. పొడవైన మరను పొట్టిమర చోటులో బిగిస్తే బోర్డు చిట్లుతుంది.

బోర్డును అంచులతోనే పట్టుకోవాలి. పొడిగాలి రోజున తలుపు పిడి తాకితే వేలు చురుక్కుమంటుంది కదా! అప్పుడు మన ఒంటిలోని విద్యుత్తు సుమారు 3000 వోల్టులు ఉంటుంది. మనకు హాని లేదు గాని, కొన్ని చిప్పులు చెడడానికి 100 వోల్టులైనా చాలు. అందుకే పనివారు మణికట్టుకు భూమితో కలిపే పట్టీ కట్టుకుంటారు.

పట్టీతీగను లాగరాదు, దాని బిగింపు రెక్కను ఎత్తి తీయాలి. చిప్పు వేడిని లాగే లోహపు రేకును మరల సరిగా అమర్చాలి. లేకపోతే కొత్త బోర్డు కూడా వేడెక్కి చెడుతుంది.

కొత్త గుర్తింపు

పెట్టె వెలిగింది. కాని అది మన ఇంటిని గుర్తుపట్టదు! జ్ఞాపకమంతా పాత బోర్డుతోనే పోయింది. పైగా ప్రతి బోర్డుకు నెట్‌వర్కులో వాడే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొత్త బోర్డు సంఖ్య వేరు. కనుక బయట పెట్టె పాతదే అయినా, రౌటరుకు అది కొత్త చుట్టమే. వైఫై వివరాలను, ఖాతాలను మళ్లీ ఇవ్వాలి. పాత బోర్డును ఇతరులకు ఇచ్చేముందు మన ఖాతాలనుండి పాత పెట్టె పేరును తొలగించాలి. లేకపోతే మన ఇంటి తాళంచెవిని దానితో పంపినట్లే.

పాత బోర్డు ఎక్కడికి?

దానిలో రాగి, కొద్దిపాటి బంగారం ఉంటాయి. సీసం వంటి విషపదార్థాలు కూడా ఉండవచ్చు. చెత్తతో పూడ్చితే అవి నేలను చేరే ప్రమాదం ఉంది. అందుకే విక్టోరియా రాష్ట్రంలో 2019 జూలై 1 నుండి ఎలక్ట్రానిక్ వస్తువులను చెత్తలో పూడ్చడాన్ని నిషేధించారు. వాటిని సేకరణ కేంద్రాలకే ఇవ్వాలి.

కొన్న వస్తువు త్వరగా చెడితే ముందు రసీదు వెదకండి. 2011లో అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం కొనుగోలుదారుకు కొన్ని హామీలు ఇస్తున్నది. పెట్టెను మనమే విప్పితే ఆ హక్కును అడగడం కష్టం కావచ్చు. గడువు దాటిన వస్తువులకు 'రిపేర్ కఫే'లు ఉన్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ఈ పద్ధతి ఆస్ట్రేలియాకూ వచ్చింది. అక్కడ పని తెలిసినవారు మన పక్కన కూర్చొని, మనచేతనే బాగుచేయిస్తారు.

ఒక్క భాగం చెడినంత మాత్రాన వస్తువంతా చెడినట్లు కాదు. ఈ సంగతి తెలిసిన ఇంట్లో అమ్మమ్మ వార్తలు మళ్లీ వినిపిస్తాయి. చెత్తకుప్ప కొంచెం తగ్గుతుంది.

ప్రశ్నలు

1. బోర్డును మార్చే ముందు ఏయే వస్తువులను పరీక్షించాలి? ఎందుకు?
2. తీసిన మరలను కాగితంమీద ఉంచడం వల్ల లాభమేమి?
3. కొత్త బోర్డు వేసిన పెట్టెను రౌటరు ఎందుకు గుర్తుపట్టదు?
4. మీ ఇంట్లో బాగుచేసి వాడుతున్న ఒక వస్తువును గురించి అయిదు వాక్యాలు వ్రాయండి.