గర్భవతికి ఎగ్జిమా: ఏ మందు క్షేమం?



"నెల తప్పింది హకీమ్ సాబ్, ఈ పూతమందు ఇక రాసుకోవచ్చా?" మోచేతి మడతల్లో, మెడ మీద, వేళ్ల సందుల్లో ఎగ్జిమా ఉన్న సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి ఇళ్లలో రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఒకటి: "బిడ్డకు ప్రమాదం, అన్నీ ఆపెయ్." రెండవది: "ఇంగ్లీషు మందు మానెయ్, మూలికల మందు వాడు, ఆకూ అలమూ ఏం చేస్తాయి?" ఈ రెండు జవాబులూ సరైనవి కావు. మందు ఏ వైద్యానికి చెందినదని చూస్తే చాలదు. ఆ మందు వాడిన గర్భవతులను, వారికి పుట్టిన బిడ్డలను ఎవరైనా లెక్కపెట్టి పరిశీలించారా అన్నది చూడాలి. ఈ వారం ఆ సంగతి వివరంగా తెలుసుకుందాం.

ముందు జబ్బును గుర్తించండి

దురద పెట్టే ప్రతి మచ్చా ఎగ్జిమా కాదు. గజ్జి చిన్న పురుగు వల్ల వస్తుంది, రాత్రిపూట దురద ఎక్కువ, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉంటుంది. తామర బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది, గుండ్రంగా అంచు కట్టి పెరుగుతుంది. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. చర్మం ఎండిపోయి, ఎర్రబడి, గీకితే రసి కారుతుంది. యునానీ గ్రంథాలలో దీనిని నార్-ఎ-ఫార్సీ అంటారు. ఈ మూడింటికీ మందులు వేరు. తామర మీద స్టెరాయిడ్ పూస్తే రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, లోపల మాత్రం తామర పాకిపోతుంది.

గర్భం ధరించినప్పుడు శరీరంలోని రక్షణ శక్తి తీరు మారుతుంది. అందువల్ల పాత ఎగ్జిమా తిరగబెట్టడం, అంతకు ముందు లేనివారికి కొత్తగా రావడం రెండూ జరుగుతాయి. చర్మవ్యాధులతో వచ్చిన 505 మంది గర్భిణులను పరిశీలించి 2006లో ఒక నివేదిక ప్రచురించారు. వారిలో దాదాపు సగం మందికి ఉన్నది ఈ ఎగ్జిమా జాతి వ్యాధే. అలాంటి వారిలో ఎక్కువ మందికి అది మొదటిసారి వచ్చింది.

మన కోలారు జిల్లా వాతావరణం కూడా చర్మానికి అనుకూలం కాదు. ఏడాది పొడుగునా పారే నది లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నీరు గడుసుగా ఉంటుంది, సబ్బు నురగ రాదు. పుష్యమాసపు చలిగాలి చర్మాన్ని పగలగొడుతుంది. కె.జి.ఎఫ్. గనులు 2001లో మూతపడినా సైనైడ్ దిబ్బల సన్నటి ఇసుక గాలికి ఇప్పటికీ లేస్తూనే ఉంది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలలో ఆ ధూళి ఇళ్లలోకి వచ్చి, అసలే ఎండిన చర్మాన్ని ఇంకా రేపుతుంది.

మందు క్షేమమని ఎలా తెలుస్తుంది?

1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్రను విడుదల చేశారు. గర్భవతులకు వేవిళ్లు తగ్గడానికి కూడా ఇచ్చారు. 1961 చివరిలో దానిని నిలిపివేసే నాటికి అనేక దేశాలలో వేలాది పిల్లలు కాళ్లు చేతులు సరిగా ఏర్పడకుండా పుట్టారు. అప్పటి నుంచి కొత్త మందుల ప్రయోగాలలో గర్భవతులను సాధారణంగా చేర్చుకోరు. అది న్యాయమే. అయితే దానివల్ల ఒక చిక్కు వచ్చింది. చాలా మందుల పెట్టెల మీద "గర్భవతులు డాక్టరు సలహాతో వాడాలి" అన్న మాట తప్ప మరో వివరం ఉండదు.

అందుకే పరిశోధకులు వేరే దారి పట్టారు. అవసరం కొద్దీ ఆ మందు వాడిన గర్భవతుల ఆసుపత్రి రికార్డులు తీసి, వాడనివారితో పోల్చి చూస్తారు. బిడ్డకు అంగవైకల్యం ఉందా, నెలలు నిండకుండా పుట్టిందా, బరువు ఎంత అని లెక్కకడతారు. స్టెరాయిడ్ పూతమందుల మీద ఇలా జరిగిన 14 పరిశోధనలను కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. అందులో 16 లక్షల మంది వివరాలు ఉన్నాయి. పూతమందు వాడకానికీ, అంగవైకల్యానికీ, ముందస్తు కాన్పుకూ సంబంధం కనిపించలేదు. కనిపించినది ఒక్కటే: ఘాటైన స్టెరాయిడ్‌ను గర్భకాలం మొత్తం మీద 300 గ్రాములకు మించి వాడినవారిలో బిడ్డ బరువు తక్కువగా ఉండే అవకాశం. 300 గ్రాములంటే 30 గ్రాముల ట్యూబులు పది. మోచేతి మడతకు నాలుగు రోజులు రాసుకున్న మందు ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా ఉండదు.

ఏది మంచిది, ఏది కాదు

మొదటి మందు తేమ. గోరువెచ్చని నీటితో పది నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజరో, వాజిలినో, కొబ్బరినూనో రాయాలి. రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారి చేతులు, పాదాలు త్వరగా ఎండిపోతాయి. వుజూ తర్వాత ప్రతిసారీ అద్దుకుని కొద్దిగా రాయండి. ఆలివ్ నూనె విషయంలో ఒక మాట. జైతూన్ తినడానికి శ్రేష్ఠమైనది, దాని ఘనత మనకు తెలిసిందే. కాని చర్మం మీద పూస్తే పైపొర బలహీనపడుతుందని 2013లో ఇంగ్లాండులో జరిగిన పరిశీలనలో తేలింది. ఎగ్జిమా ఉన్నవారు దానిని వంటకు ఉంచుకుని, చర్మానికి కొబ్బరినూనె వాడటం మేలు.

తేమతో లొంగకపోతే డాక్టరు చీటీ మీద హైడ్రోకార్టిజోన్ వంటి తేలికపాటి స్టెరాయిడ్, అవసరమైతే మధ్యరకం, కొద్దిరోజులు వాడవచ్చు. చూపుడువేలి చివరి గణుపు పొడవున పిండిన మందు అర గ్రాము ఉంటుంది. అది రెండు అరచేతులంత చోటుకు చాలు. క్లోబెటసోల్ వంటి అతి ఘాటైనవి చర్మవైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన పెట్టింది. అయినా తెల్లబడటానికని, తామరకని వాటిని దుకాణంలో అడిగి కొనేవారు ఉన్నారు. అది మానాలి. రాత్రి దురదకు లోరాటడిన్, సెటిరిజిన్ వంటి మాత్రలను డాక్టర్లు గర్భవతులకు కూడా ఇస్తారు.

తీవ్రమైన ఎగ్జిమాకు ఇచ్చే మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ మాత్రలు మాత్రం బిడ్డకు హాని చేస్తాయి. వాటిని గర్భం కోసం ప్రయత్నించే ముందే ఆపాలి. వాడుతుండగా నెల తప్పితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

మన యునానీ మందుల మాటేమిటి?

నేను యునానీ వైద్యుణ్ణి, అయినా ఈ మాట దాచకూడదు. పైన చెప్పిన లక్షల లెక్కలు మన ఖమీరాలకు, మాజూన్‌లకు లేవు. వెయ్యేళ్ల అనుభవం ఉంది, అది విలువైనదే. ఆ అనుభవమే గర్భవతి విషయంలో మనల్ని హెచ్చరిస్తోంది. గర్భవతికి విరేచనం ఇవ్వాల్సి వస్తే తప్పనిసరి అయినప్పుడే, నాలుగో నెల నుంచి ఏడో నెల వరకే అని బుక్రాత్ చెప్పాడు. రక్తశుద్ధికని తాగే అనేక షర్బత్‌లలో, మాజూన్‌లలో సనా, అంటే సునాముఖి ఉంటుంది. అది విరేచనకారి. కాబట్టి నెల తప్పిన తర్వాత ముసఫ్ఫీ-ఎ-ఖూన్ మందులను సొంతంగా తాగకండి. వేపనూనె, వేపాకు రసం లోపలికి తీసుకోవద్దు. జంతువులపై ప్రయోగాలలో వాటి వల్ల గర్భం నిలవలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది లోహాల సంగతి. పాత మర్హమ్‌లు కొన్నింటిలో ముర్దార్‌సంగ్ ఉంటుంది. అది సీసపు భస్మమే. షింగ్రఫ్, రస్‌కపూర్‌లలో ఉండేది పాదరసం. సీసం, పాదరసం మాయను దాటి బిడ్డకు చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. పగిలిన, రసి కారే చర్మం వీటిని మరింత సులువుగా పీల్చుకుంటుంది. న్యూయార్క్ నగరంలో 2011-12లో ఆరుగురు గర్భవతుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. ఆరా తీస్తే వారంతా మన దేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవారే. ఆయుర్వేదమైనా, యునానీ అయినా లోహం లోహమే. విషపదార్థాలు కలిసిన యునానీ లోపలి మందుల మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించాలని చట్టం చెబుతోంది. పేరు, పదార్థాల పట్టిక, లైసెన్సు నంబరు లేని డబ్బీని, అది ఎంత పేరున్న చేతి నుంచి వచ్చినా, గర్భవతి చర్మానికి తాకనివ్వకండి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడే జరిగిన నష్టానికి బాధ్యుడన్నది దైవప్రవక్త (స) బోధ. ఇది మా హకీములందరికీ వర్తిస్తుంది.

సత్వాసా వేడుకలో పెట్టే మెహందీ కూడా గమనించండి. త్వరగా నల్లగా పండాలని రంగు రసాయనం కలిపిన నల్ల మెహందీ చేతులను బొబ్బలెక్కించగలదు. ఏమీ కలపని గోరింటాకు చాలు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

చర్మం మీద మచ్చ లేకుండా అరచేతులు, అరికాళ్లు విపరీతంగా, ముఖ్యంగా రాత్రిళ్లు దురద పెడితే అది ఎగ్జిమా కాకపోవచ్చు. కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారకపోవడం కావచ్చు. కడుపులో బిడ్డకు ప్రాణాపాయం తెచ్చే వ్యాధి అది. రక్తపరీక్షతో తెలుస్తుంది. పూతమందులతో కాలం గడపకండి. అలాగే చీము, జ్వరం, గుంపుగా లేచిన నొప్పి పొక్కులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే అదే రోజు కోలారు ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రికో, టమక దగ్గరి జాలప్ప ఆసుపత్రికో వెళ్లండి.

యునానీ సలహా కావాలనుకునేవారికి బెంగళూరు కొట్టిగెపాళ్యలో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. ఏ యునానీ మందు వల్లనైనా చెడు కలిగితే దాచుకోకుండా అక్కడ తెలియజేయండి. ఒకరు చెప్పిన ఫిర్యాదు రేపు మరో తల్లికి రక్ష అవుతుంది. మన మందులకు లేని లెక్క అలాగే మొదలవుతుంది.

చివరగా అత్తగార్లకు, భర్తలకు ఒక విన్నపం. దురదతో రాత్రంతా నిద్రలేని కోడలిని "ఓర్చుకో" అని వదిలేయకండి. గీకిన పుండు చీము పట్టడం, నిద్రలేమి, దిగులు, ఇవీ తల్లికీ బిడ్డకూ మంచివి కావు. ఇంట్లో ఉన్న ట్యూబులు, డబ్బీలు, సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని మొదటి చెకప్‌కే తీసుకువెళ్లండి. డాక్టరు ముందు యునానీ మందును, హకీము ముందు ఇంగ్లీషు మందును దాచకండి. అన్నీ తెలిసినప్పుడే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మేము చెప్పగలం.

అల్లాహ్ మీ ఇంట పండంటి బిడ్డను ప్రసాదించి, తల్లీబిడ్డలను క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.