నల్లరేగడిలో ఎత్తు మళ్లు: పెరట్లోనే శీతాకాలపు కూరలు

నరసరావుపేట: పల్నాటి నల్లరేగడి నీటిని ఒక పట్టాన వదలదు. వర్షాధారపు పత్తికి మేలుచేసే ఈ గుణమే పెరటి కూరగాయలకు చేటు తెస్తుంది. కార్తీకంలో ముసురుపట్టి నీరు నిలిస్తే వేళ్లకు గాలి అందదు, నారు కుళ్లిపోతుంది.

దీనికి విరుగుడు ఎత్తు మళ్లు. నేల పదునులో ఉండగా 3 అడుగుల వెడల్పున మడి గీసి, చుట్టూ అడుగు వెడల్పు కాలువ తీయాలి. ఆ మట్టినే మడిపైకి ఎత్తి, మాగిన పశువుల ఎరువు కలపాలి. కాలువ అడుగు నుంచి మడి జానెడు ఎత్తుంటే చాలు. అంచుకు ఇటుకలు, సిమెంటు అక్కర్లేదు. విరిగిన నాపరాళ్లు, పాత పెంకులు, పత్తికట్టె ఏవైనా సరిపోతాయి.

క్యాబేజీ, కాలీఫ్లవర్ నారును 25-30 రోజుల వయసులో అడుగున్నర ఎడంతో నాటుకోవాలి. ముల్లంగి, క్యారెట్, పాలకూర నేరుగా విత్తుకోవచ్చు. ధనియాలను బద్దలుగా నలిపి చల్లాలి. మట్టిలో గడ్డలుంటే క్యారెట్ దుంపలు చీలిపోతాయి కనుక మెత్తగా చిదపాలి.

వానలు వెనుకబట్టాక ఎత్తు మళ్లు త్వరగా ఆరతాయి. మొక్కల మొదళ్లలో వరిగడ్డి పరచి, పలుచగా తడులివ్వాలి. పనులన్నీ కాలువలో నిలబడే చేసుకోవాలి. మడిని తొక్కితే మట్టి మళ్లీ బిగిసి, పడిన శ్రమంతా వృథా అవుతుంది.