బ్రిటిషు చలనచిత్ర పరిశ్రమ: ఒక దశాబ్దపు కలిమిలేములు

ఇంటికి వచ్చెడి కీర్తి వేఱు, ఇల్లు నిలుపునట్టి ఆదాయము వేఱు. గృహిణులకు చక్కగా తెలిసిన యీ భేదమును బ్రిటిషు చలనచిత్ర పరిశ్రమ 1980వ దశాబ్దమున కష్టముమీద నేర్చుకొనెను.

1982లో 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అను చిత్రమునకు అమెరికాలో ఉత్తమచిత్రమునకిచ్చు ఆస్కారు బహుమానము లభించెను. బ్రిటిషువారు వచ్చుచున్నారని దాని రచయిత కాలిన్ వెల్లండు సభలో సగర్వముగా చాటెను. మఱుసటి యేడు రిచర్డు ఆటెన్‌బరో నిర్మించిన 'గాంధీ' చిత్రమునకు ఎనిమిది బహుమానములు వచ్చెను. అందు వస్త్రాలంకరణకు జాన్ మోలోతోపాటు బహుమానమందిన భాను అథైయా కొల్హాపురమున జన్మించిన వనిత. భారతీయులలో ఆస్కారును మొట్టమొదట అందుకొన్నది ఒక స్త్రీయే యని, సోదరీమణులారా, మనము సంతసింపవచ్చును.

బయట ఇంత కీర్తి మ్రోగుచుండగా, స్వదేశమందలి సినిమాశాలలు వెలవెలబోవుచుండెను. 1946లో 160 కోట్లకు మించిన టిక్కెట్ల సంఖ్య, 1984 నాటికి సుమారు 5 కోట్ల 40 లక్షలకు దిగజారెను. టెలివిజనును, వీడియో యంత్రమును జనులను ఇంటనే కూర్చుండబెట్టెను. టిక్కెట్టు వెలలో కొంత భాగము తీసి స్వదేశ చిత్రములకు పంచెడి 'ఈడీ లెవీ' యను ఏర్పాటు 1950 నుండియు నుండెను. అది శాలలవారికి భారమని తలచి థాచర్ ప్రభుత్వము 1985లో దానిని రద్దుచేసెను. ఆ యేడే విడుదలయైన 'రివల్యూషన్' వంటి భారీ చిత్రములు విఫలములగుటచే, 'గాంధీ'కి సాయపడిన గోల్డ్‌క్రెస్టు సంస్థ తీవ్రనష్టముల పాలయ్యెను.

ఆదుకొన్నది ఎవరు? జనులను ఇంట నిలిపిన టెలివిజనే! 1982 నవంబరు 2వ తేదీన ప్రారంభమైన 'ఛానల్ 4' కొలదిపాటి వ్యయముతో చిత్రములు తీయువారికి ధనమిచ్చెను. లండనులోని పాకిస్తానీ కుటుంబమును గూర్చి హనీఫ్ కురేషీ వ్రాసిన 'మై బ్యూటిఫుల్ లాండ్రెట్' టెలివిజను కొఱకే తీయబడి, మెప్పు వడసి, సినిమాశాలలకెక్కెను. 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ' చిత్రమునకును ఛానల్ 4 చేయూత నిచ్చెను. దాని నిర్మాత బొంబాయిలో పుట్టిన ఇస్మాయిల్ మర్చంటు. చిత్రానువాదము వ్రాసి ఆస్కారు పొందిన రూత్ ప్రవర్ జాబ్‌వాలా ఢిల్లీలో ఇరువదియేండ్లకు పైగా కాపురముండిన విదుషి. 1985లో మిల్టన్ కీన్స్ పట్టణమున పది తెరల సినిమాశాల వెలసెను. ప్రేక్షకులును క్రమముగా మరలివచ్చిరి.

పండుగనాటి పిండివంటలు ఊరివారి మెప్పు తెచ్చును. ఇంటిల్లిపాది ఆకలి తీర్చునది మాత్రము నిత్యము వెలుగు పొయ్యియే. కళాపోషణమునకును ఈ నీతి వర్తించును.