తిరుగు టికెట్టు ఎందుకు అడుగుతారు?

రాయ్‌పూర్ నుండి ఐరోపాకు నేరుగా విమానం లేదు. ఇక్కడి యాత్రికుడు ఢిల్లీకో ముంబాయికో చేరి, అక్కడ విదేశీ విమానమెక్కాలి. పాస్‌పోర్టులో వీసా ఉన్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకుంటున్న కుమారుణ్ణి చూడాలన్న ఆత్రమూ ఉన్నది. అయినా విమాన సంస్థ ఉద్యోగి అడుగుతాడు: "తిరుగు టికెట్టు ఏదండీ?"

వీసా ఉండగా ఈ ప్రశ్న ఏమిటని చాలామంది విస్తుపోతారు. దీని మూలం తెలుసుకోవాలంటే లక్సెంబర్గు దేశంలో మొజెల్ నదీతీరాన ఉన్న షెంగెన్ అనే చిన్న గ్రామానికి వెళ్ళాలి. 1985 జూన్ 14న అక్కడ ఒక నౌకపై ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గు దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలను క్రమంగా తొలగించుకోవాలని ఒడంబడిక చేసుకున్నాయి. 1995 మార్చి 26న అది ఆచరణలోకి వచ్చింది. 2025 నాటికి ఈ మండలంలోని దేశాల సంఖ్య 29.

రాయ్‌పూర్‌లో రైలెక్కి ఒడిశా మీదుగా విజయనగరం చేరేవారిని రాష్ట్రాల పొలిమేరల్లో ఎవరూ పాస్‌పోర్టు అడగరు. ఫ్రాంక్‌ఫర్ట్ నుండి పారిస్ ప్రయాణం కూడా సాధారణంగా అటువంటిదే. లోపల అడిగేవారు లేరు గనుక అడగవలసినదంతా వెలుపలి వాకిట్లోనే అడుగుతారు. ఎందుకు వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఖర్చులకూ తిరుగు ప్రయాణానికీ డబ్బున్నదా, ఎప్పుడు వెళ్తారు? వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశించే హక్కు లభించదు. సమాధానాలు తృప్తికరంగా లేకుంటే అధికారి కారణాన్ని లిఖితపూర్వకంగా తెలిపి వెనక్కు పంపవచ్చు. అలా పంపినవారిని తిరిగి తీసుకుపోయే బాధ్యత విమాన సంస్థదే. ఢిల్లీలోనే ఆ ఉద్యోగి అంత పట్టుగా అడగడానికి కారణమిదే.

ఇక్కడే చాలామంది పొరబడుతారు. పారిస్‌కు రైలు టికెట్టు చూపితే మండలం విడిచి వెళ్తున్నట్లు కాదు. లండన్ టికెట్టు చూపవచ్చు; కాని బ్రిటన్ ఈ మండలంలో లేదు గనుక దాని వీసా వేరుగా ఉండాలి. కొందరు డబ్బు మిగుల్చుకోవాలని ఉత్తుత్తి టికెట్టు కాగితం సంపాదిస్తారు. అది దొంగదని తేలితే పోయేది టికెట్టు డబ్బుకన్న చాలా ఎక్కువ.

తేదీల లెక్కలోనూ జాగ్రత్త అవసరం. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. వీసాలో అంతకన్న తక్కువ రోజులు రాసి ఉంటే అదే హద్దు. వచ్చిన రోజూ వెళ్ళే రోజూ లెక్కలోనివే. మార్చి 1న ప్రవేశించినవారికి మే 29తో తొంభై నిండుతాయి. మే 30 నాటి టికెట్టు చౌకగా దొరికినా పనికిరాదు. పూర్వం ఈ లెక్కకు పాస్‌పోర్టులోని ముద్రలే ఆధారం. 2025 అక్టోబరు 12న ప్రారంభమైన ఎలక్ట్రానిక్ నమోదు పద్ధతిలో రాకపోకల తేదీలతోపాటు యాత్రికుని ముఖచిత్రం కూడా నమోదవుతుంది.