నావకు చాలినది చేనికి చాలునా?

మన నౌకాదళపు తెరచాపనావ ‘తారిణి’ 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, భూప్రదక్షిణము చేసి, 2018 మే 21న మరలివచ్చెను. నడపిన యార్గురు వనితలలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగుబిడ్డలు. నడిసంద్రమున ఉపగ్రహయంత్రము చూపు తావునందు అయిదారు గజముల తప్పున్నను నావకు హాని లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము రైతులకో, ఆ అయిదారు గజములే గట్టుతగవునకు మూలము. పైగా కడలిపై ఆకాశమంతయు తెరపి. ఇచ్చట కొండలును చెట్లును ఉపగ్రహ సంకేతముల నడ్డగించును. స్థిరకేంద్రమునుండి దిద్దుబాటు గైకొను రోవరుతో కొలిచినచో తప్పు అంగుళములకు దిగును. కావున చేతిఫోను చూపిన గీతను హద్దుగా నంగీకరింపరాదు. సర్వేయరు కొలతకు వచ్చినపుడు ‘ఇందు తప్పెంత?’ యని యడుగుట రైతు హక్కని మేము తలంచెదము.