ఆడపడుచు సారె - ఆడపడుచు భాగము



ఆడుపిల్లను అత్తవారింటికి వట్టిచేతులతో పంపుట తెలుగిండ్ల మర్యాద కాదు. కోస్తా జిల్లాలలో చలిమిడి, అరిసెలు, చీర, రవికెగుడ్డ, పసుపు కుంకుమలు సారెగా నిత్తురు. తెలంగాణమున కూతును పీటపై కూర్చుండబెట్టి, పసుపు కలిపిన బియ్యమును, కుడుకలను, ఖర్జూరములను, వక్కలను, పసుపుకొమ్ములను ఆమె యొడిలో పోయుదురు. ఆ యొడిబియ్యమును ఆమె అత్తవారింట వండి నలుగురికి పెట్టును. సారెయు నట్టిదే, ఇంటింటికి పంచవలసినదే గాని దాచుకొనునది కాదు. ఈ పిల్లకు వెనుక నొక పుట్టిల్లు కలదని ఊరివారికి తెలుపుటయే యీ యాచారముల సారము.

ఇంత చక్కని యాచారమును మేము తక్కువ చేయబోము. కాని దాని చాటున జరుగుచున్న యొక పనిని గూర్చి చెప్పక తప్పదు. తండ్రి గతించిన పిదప అన్నదమ్ములు అక్కచెల్లెండ్రను పిలిచి, భోజనము పెట్టి, చీర పెట్టి, హక్కు విడుదల పత్రమును ముందుంచుట పెక్కిండ్ల చూచుచున్నాము. సంతకము చేయకున్న పుట్టింటి గడప దూరమగునని వెఱచి ఆమె చదువకయే చేవ్రాలు చేయును.

ఆడుపిల్లకు సొత్తేమిటని యడుగువారు పూర్వగ్రంథములను చూడవలెను. మనువు స్త్రీధనమును ఆఱు విధములుగా చెప్పెను. మితాక్షరను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు వారసత్వమున వచ్చినదియు, కొన్నదియు స్త్రీధనమే యనెను. మన పల్లెలలో కూతునకు పసుపు కుంకుమల క్రింద భూమి నిచ్చు వాడుకయు గలదు. అయినను ఉమ్మడి యాస్తిలో కొడుకునకు పుట్టుకతో గల హక్కు కూతునకు లేకుండెను.

ఆ లోటు క్రమముగా తీరినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వీలునామా వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితములో కూతునకు కొడుకుతో సమానమైన పాలు నిచ్చెను. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనము పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో హక్కు కల్పించెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట, పెండ్లియైన కూతునకు సైతము ఆ హక్కు వచ్చినది. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. అయితే 2004 డిసెంబరు 20కి పూర్వమే చట్టబద్ధముగా ముగిసిన పంపకములను తిరుగదోడ వీలులేదు.

కావున, చదువనిదే దేనిపైనను సంతకము చేయకుడు. పసుపు కుంకుమల భూమి నోటిమాటతో నిలువదు. ఇద్దఱు సాక్షులతో దానపత్రము వ్రాయించి రిజిస్టరు చేయింపుడు. తోబుట్టువు పేదవాడని తన భాగమును సంతోషముగా విడుచు సోదరిని మేము తప్పు పట్టము. తెలిసి యిచ్చునది దానము. తెలియనీయక తీసికొనునది దానము కాదు.

చివర నొక్కమాట. మనము పుట్టింట ఆడపడుచులము, మెట్టినింట వదినె మరదండ్రము. పుట్టింట మన పాలు న్యాయమనిపించి, మెట్టినింట ఆడపడుచు పాలు దురాశ యనిపించుట తగునా? ఆమె కన్నీటితో సంతకము చేయుచుండగా వంటింట నిలిచి యూరకుండుట మన వంతు కాకూడదు. పంపకముల మాట వచ్చిన నాడు "మీ చెల్లెలి భాగమెంత?" యని భర్తను మొదట నడుగవలసినది మనమే. అట్లు జరిగిన యింట ఆడపడుచు సారె యందుకొనుటకు వెఱపు లేక వచ్చును, నవ్వుచు పోవును.